నిండు ట్యాంకు అప్పగింత

పులికొండ యాత్రానివాసంలో మంచాలు, పరుపులు, దుప్పట్లు, వంటింట్లో గుండిగలు, చెరువులో పడవలు, పడవల్లో తెడ్లు, ఆఖరికి గేటు దగ్గర కుక్కని కట్టే గొలుసుతో సహా అన్నీ సరిపోయాయి. కుక్క లేదు గాని, గొలుసు ఉంది కాబట్టి పేచీ రాలేదు. కొత్తగా వచ్చిన మేనేజరు భానోజీరావు ఒక్కో వస్తువునీ ముట్టుకుని చూసి, తృప్తిగా తలూపుతూ వస్తున్నాడు. పాత మేనేజరు ఇందుమతి అతని వెనకాలే నడుస్తోంది. ఆమెకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇంకొక్క వస్తువు అప్పగిస్తే చాలు, పెట్టె సర్దుకుని కొండ దిగిపోవచ్చు.

ఆ ఒక్క వస్తువూ వెనక షెడ్డులో ఉంది. దాని పేరు విహార రథం. పేరుకి రథమే గాని బస్సంత బండి. లోపల రెండు పడకలు, గ్యాసు పొయ్యి, అద్దాల బీరువా, ఓ మూల స్నానాలగది, అందులోనే మరుగుదొడ్డి. ఇంటిని చక్రాల మీద పెట్టి పర్యాటకులకి అద్దెకిచ్చే ఏర్పాటు అన్నమాట. లోపల వాడిన నీళ్ళు ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, అందుకని బండి అడుగున రెండు ట్యాంకులు. గిన్నెలూ ఒళ్ళూ కడిగిన నీళ్ళు ఒకదాంట్లోకి పోతాయి. మిగతా వ్యవహారమంతా రెండోదాంట్లోకి పోతుంది.

భానోజీరావు వంగి ఆ రెండో ట్యాంకుని చూశాడు. ఓసారి గాలి పీల్చాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఇది నిండుగా ఉందండీ" అన్నాడు రుమాల్లోంచే.

"అవునండీ. నిండుగానే ఉండాలి. అలాగే అప్పగించమని ఉత్తర్వు."

"నిండుది నేను తీసుకోనండీ. ఖాళీ చేయించి ఇవ్వండి, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

"ఖాళీ చేస్తే సంస్థ సొత్తు పోగొట్టినట్టు అవుతుందండీ."

"అయితే మీ దగ్గరే ఉంచుకోండమ్మా. నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

ఇందుమతికీ ఉన్నారు. తెనాలిలో ఆమె భర్త ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాడు. నాలుగేళ్ళ కూతురు తన్వి నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. భార్యాభర్తలు ఒకేచోట ఉండాలన్న నిబంధన కింద, అర్జీల మీద అర్జీలు పెట్టగా పెట్టగా ఆమెకి గుంటూరు బదిలీ అయింది. తెనాలి నుంచి రోజూ వెళ్ళి రావచ్చు. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉంది. కాని పాతచోట అప్పగింత పూర్తయితేనే విడుదల చేస్తారు, విడుదల చేస్తేనే కొత్తచోట చేర్చుకుంటారు. ఇప్పుడు ఆ అప్పగింత ట్యాంకు దగ్గర ఆగిపోయింది.

ఈ చిక్కు ఎలా వచ్చిందో తెలియాలంటే డీజిలు దగ్గర మొదలుపెట్టాలి.

రాష్ట్ర విహార వికాస సంస్థలో ఒకప్పుడు బండ్లకంటే మనుషులే ఎక్కువ డీజిలు తాగేవాళ్ళు. అది కాస్తా బయటపడి పై అధికారులకి కోపం వచ్చింది. వాళ్ళకి కోపం వస్తే సర్క్యులర్ వస్తుంది. "సంస్థకు చెందిన ప్రతి వాహనము నందలి అన్ని ట్యాంకులకును మట్టము తెలుపు పరికరములు అమర్చవలెను. సదరు ట్యాంకుల యందలి ద్రవము సంస్థ సొత్తుగా పరిగణింపబడును. అనుమతి లేక మట్టము తగ్గినచో అద్దానిని చౌర్యముగా భావించి చర్య గైకొనబడును." రాసినాయన మనసులో ఉన్నది డీజిలే. కాని కాగితం మీద అన్ని ట్యాంకులూ అన్నాడు, కింద సంతకం పెట్టాడు. సంతకం పడ్డాక మనసులో ఏముందో ఎవరికి కావాలి?

విహార రథం ఆ తరవాత వచ్చింది. బండి అమ్మిన కంపెనీ మనిషి అందరినీ చుట్టూ నిలబెట్టి చక్కగా విడమరిచి చెప్పాడు. ట్యాంకు నిండగానే ఊళ్ళో మురుగు శుద్ధి చేసే చోటికి తీసుకెళ్ళాలి, గొట్టం తగిలించాలి, అడుగున ఉన్న మర తిప్పాలి, లోపల ఓసారి కడిగి నీలం మందు పొయ్యాలి, అంతే. అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆ మర్నాడు పరికరాలు బిగించేవాళ్ళు వచ్చి, సర్క్యులర్‌లో ఉన్నట్టు డీజిలు ట్యాంకుకీ, దాంతోపాటు ఈ రెంటికీ కూడా మట్టం చూపే పరికరాలు బిగించి పోయారు.

ఇక రాజధానిలో ప్రధాన కార్యాలయం గోడ మీద గోడంత తెర. రాష్ట్రంలో ఏ బండిలో ఎంత ద్రవం ఉందో అందులో రంగు రంగుల్లో కనిపిస్తుంది. అన్ని బండ్లూ నడిచేకొద్దీ మట్టం తగ్గుతుంటే, పులికొండ బండిలో మట్టం నడిచేకొద్దీ పెరుగుతోంది. కంప్యూటరు జన్మలో అంత మంచి బండిని చూడలేదు. పులికొండని రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలబెట్టింది. అప్పటి మేనేజరుని రాజధానికి పిలిచి, ఇంధన పొదుపులో ఆదర్శమని శాలువా కప్పారు. ఆయన తెలివైనవాడు. శాలువా వేడి చల్లారకుండానే వేరే ఊరు బదిలీ చేయించుకుని, అప్పుడే ఉద్యోగంలో చేరిన ఇందుమతి చేత అన్నిటితోపాటు ట్యాంకుకీ సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ట్యాంకు నిండింది. నిండిన మరుగుదొడ్డితో బండినెవరూ అద్దెకి తీసుకోరు గనక రథం షెడ్డెక్కింది.

"ఇంత చిన్న పనికి ఇంత రబసేటండీ మేడంగారూ" అన్నాడు డ్రైవరు సన్నిబాబు, భానోజీరావు సంతకం పెట్టనన్న రోజున. "కొండ కింద సెప్టిక్ లారీలోలు రోజూ ఒంపుతున్నారు కదండీ. నాను బండట్టుకెళ్ళి మర తిప్పీసి వచ్చీనా?"

"తిప్పితే నీ ఉద్యోగం నా ఉద్యోగం రెండూ పోతాయి సన్నిబాబూ. దొంగతనం అంటారు."

"అదెవుడు దొంగిలిత్తాడండీ?" అని సన్నిబాబు నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

ఇందుమతి డివిజనల్ మేనేజరు త్రివిక్రమరావుకి ఫోను చేసింది. ఆయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏ కాగితం మీదా తన అభిప్రాయమన్నది రాయని మనిషి. అందుకే అంతవాడయ్యాడు.

"విషయం గంభీరమైనదమ్మా" అన్నాడు. "సంస్థ సొత్తును వదిలించుకోవాలంటే అది పనికిరానిదని కమిటీ నిర్ధారించాలి. నిర్ధారణ పిమ్మట వేలం. వేలం పిమ్మట తొలగింపు. అంతవరకు యథాతథస్థితి కాపాడు."

కమిటీ రావడానికి రెణ్ణెల్లు పట్టింది. త్రివిక్రమరావు, ఒక ఇంజినీరు, ఒక అకౌంట్స్ ఆఫీసరు జీపులో దిగారు. ముందు టిఫిను, తరవాత పడవ షికారు, తరవాత నాటుకోడి కూర. భోజనాలయ్యాక వరండాలో కుర్చీలు వేయించుకుని, పక్షుల్ని చూడ్డానికి పర్యాటకులకిచ్చే దుర్భిణిలోంచి షెడ్డు వైపు చూశారు. ఒకరి తరవాత ఒకరు చూసి దుర్భిణి పక్కన పెట్టారు. దాంతో తనిఖీ అయింది.

"సదరు సొత్తు తయారైన సంవత్సరం?" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు.

"ఒక్కసారిగా తయారైంది కాదండీ. విడతలు విడతలుగా" అంది ఇందుమతి.

"తయారీదారు?"

"చాలామంది ఉన్నారండీ. హైదరాబాదు వాళ్ళు, భువనేశ్వర్ వాళ్ళు, ఒకసారి ఏదో పెళ్ళిబృందం కూడా."

అకౌంట్స్ ఆఫీసరు 'వివిధ సరఫరాదారులు' అని రాసుకున్నాడు.

ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "ఒక వస్తువు పనికిరాదని ధ్రువీకరించాలంటే, అంతకుముందు అది పనికివచ్చినట్లు ఆధారం ఉండాలి. ఇది ఎప్పుడైనా పనికివచ్చిందా?"

"దేనికండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"పైగా ఆయుఃప్రమాణం ప్రశ్న ఉన్నది" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు. "మంచానికి ఇన్నేళ్ళు, పరుపుకి ఇన్నేళ్ళు అని ఉంది. ఆ గడువు తీరితేనే పనికిరానిదనాలి. ఈ సొత్తుకి గడువు ఎక్కడా పేర్కొనలేదు. పేర్కొననిచో శాశ్వత సొత్తుగా భావించాలి."

"శాశ్వత సొత్తు అంటే?" అంది ఇందుమతి, వినపడలేదేమో అనుకుని.

"భూములు, భవనములు, ఇదీ."

"అంటే ఇది ఎప్పటికీ తియ్యకూడదాండీ?"

త్రివిక్రమరావు నొచ్చుకున్నాడు. "తియ్యకూడదని ఎవరన్నారమ్మా? అటువంటి అపార్థానికి తావివ్వకు. తియ్యడానికి వీలు లేదంటున్నాం."

కమిటీ జీపెక్కింది. వెళ్తూ వెళ్తూ త్రివిక్రమరావు, సొత్తు దగ్గర ఒక కాపలాదారుని పెట్టమని చెప్పి మరీ వెళ్ళాడు. విలువ తేలని సొత్తుకి కాపలా ఎక్కువ ఉండాలట.

భానోజీరావు మాత్రం హాయిగా ఉన్నాడు. చార్జి తీసుకోలేదు గనక పని లేదు, ఉద్యోగంలో చేరాడు గనక జీతం ఉంది. మంచి గది చూసుకుని దిగాడు. పొద్దున్నే చెరువు చుట్టూ నడిచేవాడు, సాయంత్రం వరండాలో మడత కుర్చీ వేసుకుని, ఎదురుగా వెళ్ళే ఇందుమతిని చూసి, "ఏమైనా కదిలిందా అండీ?" అని మర్యాదగా అడిగేవాడు. ఆ మర్యాదకి ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

పులికొండ మీద ఫోను సిగ్నలు ఒక్కచోటే బాగా అందుతుంది. ఆ చోటు కాస్తా షెడ్డు వెనక, సరిగ్గా రథం పక్కన. రోజూ సాయంత్రం ఇందుమతి అక్కడ నిలబడి, పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూతురుతో వీడియోలో మాట్లాడేది. కొన్నాళ్ళకి ఆ పిల్ల కూడా ఫోను మోగగానే చిన్న చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అమ్మతో మాట్లాడాలంటే అలాగే మాట్లాడాలనుకుంది పాపం.

"అమ్మా, ఎప్పుడొస్తావు?" అనేది రుమాల్లోంచి.

"వచ్చేస్తానురా. ఒక్క పని ఉంది."

"ఏం పని?"

ఏం పనో చెప్పడానికి ఇందుమతికి నోరొచ్చేది కాదు. ఇంజినీరింగు చదివి, పోటీ పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో పర్యాటకరంగ భవిష్యత్తు గురించి అనర్గళంగా మాట్లాడి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. కన్నబిడ్డని వదులుకుని తను కొండ మీద కాపలా కాస్తున్నదేమిటో తలుచుకుంటే ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చేవి.

ఎండాకాలం వచ్చింది. రేకుల షెడ్డు, కింద ట్యాంకు. ఎండకి ఆవిరైపోయి మట్టం కొంచెం దిగింది. రాజధానిలో గోడ మీద పులికొండ గడి పసుపుపచ్చకి తిరిగింది. వెంటనే మెమో. "మీ అధీనము నందలి సొత్తులో తరుగు కనిపించినది. కారణము తెలుపవలెను." ఎండ, అని ఇందుమతి జవాబు రాసింది. "ఎండ సంస్థ ఉద్యోగి కానందున దానిపై చర్య తీసుకొనుట సాధ్యపడదు. కావున తరుగును బాధ్యులైన ఉద్యోగియే భర్తీ చేయవలెను" అని తిరుగు టపా వచ్చింది.

ఇందుమతి రెండు బిందెల మంచినీళ్ళు పోయించింది. మట్టం సరిపోయింది గాని గడి ఈసారి ఎర్రబడింది. డీజిల్లో కిరసనాయిలు కలిపేవాళ్ళని పట్టుకోవడానికి ఆ పరికరం చిక్కదనం కూడా చూస్తుందట. మళ్ళీ మెమో. "సొత్తు కల్తీ అయినట్లు గమనింపబడినది. ఇట్టి ధోరణి సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. తరుగును తత్సమాన నాణ్యత గల సరుకుతో మాత్రమే భర్తీ చేయవలెను."

ఆ కాగితం ఆమె సిబ్బందికి చదివి వినిపించలేకపోయింది. సన్నిబాబు చేతికిచ్చి పక్కకి తిరిగి నిలబడింది. సన్నిబాబు కూడబలుక్కుని చదివాడు, మళ్ళీ చదివాడు, తరవాత తోటమాలికీ వంటవాడికీ కాపలావాడికీ మెల్లగా విషయం చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. మేనేజరమ్మ ముఖం చూసి ఎవరికీ నవ్వు రాలేదు. మర్నాటి నుంచి యాత్రానివాసంలో మరుగుదొడ్లన్నీ మానేసి, సిబ్బంది అంతా వరసగా రథమెక్కి దిగడం మొదలుపెట్టారు. భానోజీరావు మాత్రం రాలేదు. చార్జి తీసుకోని ఉద్యోగికి ఆ బాధ్యత వర్తించదని నిబంధన చూపించాడు.

"మా ఓపికంతా పెడతన్నామండీ" అన్నాడు సన్నిబాబు ఓ వారం పోయాక, తలొంచుకుని. "అంతకు మించి మా వల్ల కాదండి."

మొత్తానికి గడి మళ్ళీ ఆకుపచ్చబడింది. సిబ్బంది సమష్టి కృషిని అభినందిస్తూ రాజధాని నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. వంటవాడు దాన్ని భోజనశాలలో తగిలిస్తానంటే ఇందుమతి చించి పారేసింది.

ఇంతలో గుంటూరు నుంచి కబురు. నెలాఖరు లోపల ఇందుమతి వచ్చి చేరకపోతే బదిలీ రద్దు, ఆ కుర్చీ జాబితాలో తరవాతి మనిషికి ఇచ్చేస్తారు. మళ్ళీ బదిలీల జాతర ఎప్పుడో పైవాడికి కూడా తెలియదు. ఆ సాయంత్రం ఆమె షెడ్డు వెనక నిలబడి ఈ సంగతి భర్తకి చెబుతుంటే, పక్కనుంచి తన్వి తల దూర్చి, "నాన్నా, అమ్మ ఫోన్లోనే ఉంటుంది కదా, రాదు కదా" అంది. ప్రశ్న కాదు. తెలిసిన సంగతే మాటవరసకి అన్నట్టు అని, ఆడుకోడానికి పరిగెత్తింది.

నెలాఖరు రోజు తెల్లగా తెల్లారింది. ఇందుమతి స్నానం చేసి, పెట్టె సర్దుకుని, షెడ్డు దగ్గరికి వచ్చి, "సన్నిబాబూ, బండి తియ్యి" అంది.

సన్నిబాబు ఎక్కడికని అడగలేదు. కొండ దిగి, ఊరి బయట మురుగు శుద్ధి కేంద్రంలో బండి ఆపాడు. అతను మరకి చెయ్యి వెయ్యబోతే ఇందుమతి వారించింది. "నువ్వు ముట్టుకోకు. రేపేమైనా అయితే నా ఒక్కదాని మీదే ఉండాలి" అని తనే చీర కుచ్చెళ్ళు దోపుకుని, వంగి మర తిప్పింది. గొట్టంలోంచి గడగడమని ఒకటే చప్పుడు. ఇంతకాలం కమిటీలు కదపలేనిది ఒక్క మెలికకి కదిలిపోయింది. కంపుకి కళ్ళు మండుతున్నా ఇందుమతి కదల్లేదు. ఆఖరి బొట్టు దాకా చూసి, ట్యాంకు కడిగించి, నీలం మందు పోయించింది. బండి తిరిగి కొండెక్కుతుంటే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

భానోజీరావు వంగి చూశాడు, వాసన చూశాడు, ముఖం విప్పారింది. "ఇదీ పద్ధతి" అంటూ జేబులోంచి కలం తీశాడు. కలం కాగితానికి తగిలే లోపల ఫోను మోగింది. రాజధానిలో గోడ మొత్తం ఎర్రగా మెరుస్తోందట. భానోజీరావు కలం మూసేశాడు.

మధ్యాహ్నానికల్లా త్రివిక్రమరావు దిగాడు. వెనకాలే స్థానిక స్టేషను ఎస్సై బెహరా, ఇద్దరు కానిస్టేబుళ్ళు. త్రివిక్రమరావు చేతిలో ఫిర్యాదు సిద్ధంగా ఉంది. గుర్తు తెలియని దుండగులు సంస్థకు చెందిన శాశ్వత సొత్తును అపహరించుకుపోయిరి.

"దుండగులెవరూ లేరు సార్" అంది ఇందుమతి. "నేనే తీశాను. నా చేత్తో మర తిప్పాను. రాసివ్వమంటే రాసిస్తాను."

త్రివిక్రమరావు చెవులు మూసుకున్నంత పని చేశాడు. ఎస్సై బెహరా మాత్రం ఆమెని జాలిగా చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడంగారూ, తొందరపడకండి. మీరు ఉద్యోగస్తులు. మీ మీద కేసు కట్టాలంటే నాకు పైనుంచి అనుమతి కావాలి. ఫైలు రాజధానికెళ్ళి తిరిగొచ్చేసరికి నేను రిటైరైపోతాను. అప్పటిదాకా మీరు సస్పెన్షన్లో ఈ కొండమీదే ఉండాలి. మీకేం సుఖం, నాకేం సుఖం? అదే గుర్తు తెలియని వాళ్ళనుకోండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్ళకీ ఇబ్బంది లేదు, లేరు కాబట్టి."

"కాని నిజం అది కాదు కదండీ?"

"నిజం కోర్టులో తేలుతుంది మేడం. మన పని కేసు కట్టడం వరకే."

"మరి నా విడుదల?"

"సొత్తు దొరికితే విడుదలకు అభ్యంతరం ఉండదు" అన్నాడు త్రివిక్రమరావు. "దొరకనిచో లోటు నీ పేరిట నిలుస్తుంది. లోటు ఉన్నవారిని విడుదల చేయుట జరగదు."

"అది దొరకడమేమిటండీ! శుద్ధి కేంద్రంలో కలిసిపోయింది!"

ఎస్సై బెహరా లేచి టోపీ సర్దుకున్నాడు. "మా స్టేషన్లో దొరకని సొత్తంటూ లేదమ్మా. ఈ నెల రికవరీ కాస్త వెనకబడ్డాం కూడాను. నెలాఖరు మీకే కాదు, మాకూ ఉంటుంది."

ఎండ తిరిగేలోపలే సొత్తు దొరికింది. ముందు పోలీసు జీపు, వెనక సెప్టిక్ లారీ, హారను కొట్టుకుంటూ కొండెక్కి వచ్చాయి. లారీవాడు తన సర్వీసులో బయటికి ఒంపమన్నవాళ్ళనే చూశాడు గాని, లోపలికి ఒంపమన్నవాళ్ళని చూడలేదు. "ఎనక్కి పొయ్యాలా బాబూ?" అని ముగ్గురిని అడిగి, ముగ్గురూ అవునన్నాక గాని గొట్టం తగిలించలేదు. ఇందుమతి పొద్దున కడిగించిన ట్యాంకు ఆమె కళ్ళముందే మళ్ళీ నిండింది. మట్టం సరిగ్గా పాత గీత దగ్గరికి వచ్చింది. చిక్కదనం కూడా సరిపోయింది. రాజధానిలో గోడ ఆకుపచ్చబడిందనీ, పెద్దాయన స్వయంగా చప్పట్లు కొట్టారనీ త్రివిక్రమరావు ఫోను చెవిన పెట్టుకుని అందరికీ చెప్పాడు.

"ఇది కోర్టు సొత్తు అవుతుంది కనుక సంస్థ లెక్కలోంచి తీసివేయవచ్చు" అన్నాడు ఎంతో తేలికపడి. "భానోజీరావు గారూ, ఇక మీకు అభ్యంతరం లేదు కదా?"

"మరి ఇదెక్కడుంటుందండీ?"

"విచారణ పూర్తయ్యేవరకు ఇక్కడే భద్రంగా ఉంటుంది. కాని మీ బాధ్యత కాదు."

బాధ్యత కానప్పుడు వాసనదేముందని భానోజీరావు ఒప్పుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే. పోయిన సొత్తు ఇదేనని, దాన్ని అట్టేపెట్టుకున్న మనిషి గుర్తుపట్టాలి. మధ్యవర్తులుగా వీఆర్వోనీ, కొండ మలుపులో టీకొట్టు నడిపే లక్ష్మునాయుణ్ణీ పిలిపించారు. ఊరికే చూపించి అడిగితే చెల్లదు, అలాంటివే మరికొన్నిటితో కలిపి పెట్టి అందులోంచి గుర్తుపట్టించాలని చట్టం. అందుకని ట్యాంకులోంచి కొంత ఎర్ర బకెట్లోకి తీసి, అదే లారీలోంచి మరి నాలుగు బకెట్లు నింపి, షెడ్డు ముందు వరసగా పెట్టారు. అందరూ ముక్కులు మూసుకుని చుట్టూ నిలబడ్డారు. త్రివిక్రమరావు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో విడుదల ఉత్తర్వు పట్టుకున్నాడు. కింద రోడ్డు మీద సాయంత్రం బస్సు ఆగి ఉంది. గుంటూరు ఆఫీసులో ఈ రాత్రికి గడువు ముగుస్తుంది గనక, విడుదల కాగితం ఫోనులో ఫోటో తీసి పంపితే చేరినట్టే రాసుకుంటామని అక్కడి గుమాస్తా మంచితనానికి ఒప్పుకున్నాడు.

ఇందుమతి బకెట్ల వరస చూసింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కాదంటే నిజం చెప్పినట్టు, జన్మంతా ఈ కొండ మీదే ఉన్నట్టు. అవునంటే అబద్ధం, కాని బస్సు కిందే ఉంది. ఆమె చిన్నప్పుడు అబద్ధమాడితే వాళ్ళమ్మ వాత పెట్టేది. పెద్దయ్యాక ఇన్నాళ్ళకి, ఇంతమంది పెద్దమనుషులు తన చుట్టూ నిలబడి అబద్ధం కోసం ఇంత శ్రద్ధగా ఎదురుచూస్తున్నారు.

"ఎర్రది" అని ఎస్సై బెహరా గాలిలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

ఆమె వెళ్ళి ఎర్ర బకెట్టు ముందు నిలబడింది. "ఇదేనండీ."

"ఇదేనని ఎలా చెప్పగలరమ్మా?" అన్నాడు వీఆర్వో. అడగాలి గనక అడిగాడు.

ఇందుమతి అతని వైపు తిరిగింది. అందరూ ఏదో గుర్తు చెబుతుందనుకున్నారు. ఆమె ముక్కు మీంచి పైటచెంగు తీసేసింది.

"ఐదు నెలల్నించీ పొద్దున లేచి దీని ముఖమే చూస్తున్నానండీ. ఎండకి తరిగిపోతుందేమోనని దీనికోసమే బెంగపెట్టుకున్నాను. మనుషులందరి చేతా చెయ్యకూడని పని చేయించి దీన్ని కాపాడాను. నా కూతుర్ని చూసుకున్నదానికంటే దీన్నే ఎక్కువ చూసుకున్నాను. దారిలో కనపడితే నా బిడ్డ నన్ను గుర్తుపడుతుందో లేదో నాకు తెలియదు. దీన్ని నేను గుర్తుపట్టలేనా?"

ఆ ఆఖరి మాట దగ్గర ఆమెకి దుఃఖం ఆగలేదు. ఆ బకెట్టు ముందే నిలబడి, చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సన్నిబాబు తల తిప్పుకున్నాడు. పెద్దమనుషులు ఆమె ఏడుపు ఆగేదాకా గౌరవంగా ఊరుకున్నారు.

తరవాత ఎస్సై బెహరా కానిస్టేబులుకి చెప్పి రాయించాడు. "సొత్తును చూచిన తక్షణమే సాక్షి అద్దానిని గుర్తుపట్టి, పోయినది మరల దక్కినందుకు మా సమక్షమున ఆనందబాష్పములు రాల్చినది."

చదివి వినిపించారు. సరిగ్గా ఉందా అని అడిగారు. సరిగ్గానే ఉందని చెప్పి, ఇందుమతి కళ్ళు తుడుచుకుని కింద సంతకం పెట్టింది.